తిరుపతిలో వయొలిన్‌తో జీవిక: పక్కవాద్యం వైపు వచ్చేవారికి

ఏటా జూన్ నెల రాగానే ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వస్తారు. అమ్మాయికి పదో తరగతి అయిందనీ, ఏడేళ్ళుగా వయొలిన్ నేర్చుకుంటోందనీ, చెయ్యి బాగా పలుకుతోందని గురువుగారు అంటున్నారనీ చెప్పుకొచ్చి, కాఫీ తాగడం పూర్తయ్యాక అసలు మాట అడుగుతారు: "దీన్ని నమ్ముకుంటే అన్నం దొరుకుతుందా సార్?" దొరుకుతుంది, కానీ వాళ్ళు అనుకుంటున్న చోట దొరకదు. వాళ్ళ ఊహలో ఉన్నది వేదిక నడుమ కూర్చుని రెండు గంటలు ఒంటరిగా వాయించే విద్వాంసుడు. ఈ ఊళ్ళో నిజంగా వయొలిన్ మీద ఇల్లు గడుపుకుంటున్నవారు మాత్రం గాయకుడి ఎడమ పక్కన కూర్చుని ఆయన పాటకు తోడుగా పక్కవాద్యం వాయించేవారు, నాట్య ప్రదర్శనల్లో వెనక వరుసలో ఉండేవారు, తెల్లవారుజామున కంప్యూటరు ముందు కూర్చుని పాఠం చెప్పేవారు. అందువల్ల శిక్షణ మొదటినుంచీ ఆ పనికి తగినట్టుగా సాగాలన్నది నా అభిప్రాయం, ఈ వ్యాసమంతా ఆ అభిప్రాయం మీదే నడుస్తుంది.

కర్ణాటక సంగీతంలో వయొలిన్ ప్రవేశించిన తీరు కూడా ఇలాంటిదే. వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) ఈ పాశ్చాత్య వాద్యాన్ని మన సంగీతానికి మలచిన నాటినుంచి అది గాత్రాన్ని అంటిపెట్టుకునే ఎదిగింది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893–1964) వయొలిన్‌ను సోలో వాద్యంగా నిలబెట్టారన్నది అందరికీ తెలిసిందే. అయితే ఆయన పెద్ద గాయకులెందరికో పక్కవాద్యం వాయించారనీ, 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరి 1936లో దానికి ప్రధానాచార్యులయ్యారనీ, అంటే ఉద్యోగం చేస్తూ పాఠం చెప్పుకుంటూనే అంతటివారయ్యారనీ పిల్లలకు ఎవరూ చెప్పరు. సోలో, పక్కవాద్యం, పాఠం అనే మూడు పనులూ ఆయన జీవితంలో కలిసే ఉన్నాయి. మనబోటివాళ్ళకు ఆ మూడింటిలో మొదటిది అరుదుగానూ, మిగతా రెండూ నిత్యంగానూ ఉంటాయి.

చెయ్యి తయారు కావడం

ఎనిమిది, పదేళ్ళ మధ్య మొదలుపెట్టిన పిల్లలకు వేళ్ళు తేలికగా లొంగుతాయి. పదిహేనేళ్ళకు మొదలుపెట్టి మంచి వాద్యకారులైనవారు లేకపోలేదు గానీ, అలాంటివారు అప్పటికే గాత్రం బాగా నేర్చుకుని చెవి తయారుచేసుకున్నవారై ఉంటారు. మొదలుపెట్టిన వయసు ఏదైనా కచేరీలో ధైర్యంగా పక్కన కూర్చోవడానికి పదేళ్ళ సాధన పడుతుందని లెక్క వేసుకోవడం మంచిది. వృత్తిగా తీసుకోదలచిన పిల్లలు పదో తరగతి తర్వాత రోజుకు మూడు నుంచి నాలుగు గంటలు వాద్యం పట్టుకోవాలి. అయితే ఆ నాలుగు గంటలూ ఒక్క బిగిని కూర్చోకూడదు.

మొదటి అరగంట కమానుకు (తీగల మీద లాగే కర్రకు) కేటాయించండి. ఖాళీ తీగల మీద, పిడి దగ్గరనుంచి మొన దాకా, ఎనిమిది అక్షరాల కాలం ఒకే లాగుడు. అది నిలకడగా వచ్చాక పన్నెండు, తర్వాత పదహారు. కమాను దిశ మారే చోట శబ్దం తెగకూడదు, మొన దగ్గర నాదం పలచబడకూడదు. విసుగు పుట్టించే పని కాబట్టి పిల్లలు దీన్ని వదిలేసి నేరుగా కీర్తనలోకి దూకుతారు, దాని ఫలితం పదేళ్ళ తర్వాత మైకు ముందు తెలుస్తుంది. ఎడమచెయ్యి లోపాన్ని గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) కొంతవరకు దాచగలదు, కుడిచెయ్యి లోపాన్ని దాచే ఉపాయం ఏదీ లేదు.

తర్వాత మొదటి పాఠాలైన సరళీ, జంట, దాటు వరుసలనూ, సప్తతాళ అలంకారాలనూ మూడు కాలాల్లో (వేగాల్లో) వాయించాలి. వీటిని మాయామాళవగౌళ రాగానికే పరిమితం చేయకుండా నెలకొక మేళకర్త (ఏడు స్వరాలూ ఉన్న మూలరాగం) చొప్పున శంకరాభరణం, కల్యాణి, ఖరహరప్రియ, తోడి అనే క్రమంలో మార్చుకుంటూ పోతే వేళ్ళకు స్వరస్థానాల మధ్య దూరాలు పట్టుబడతాయి. వీణకు ఇరవైనాలుగు మెట్లు ఉన్నాయి, స్వరం ఎక్కడుందో మెట్టు చూపిస్తుంది. వయొలిన్‌కు చెవి తప్ప వేరే మెట్టు లేదు. అందుకే వాయించబోయే ప్రతి సంచారాన్నీ, అంటే రాగంలోని ప్రతి స్వరాల పలుకునూ, ముందు పాడమని అడుగుతాను. గొంతు బాగుండనక్కరలేదు, శ్రుతిలో ఉంటే చాలు. తోడి గాంధారాన్ని నోటితో ఊపలేని పిల్లవాడు వేలితో ఊపినప్పుడు అది ఒక ఒణుకుగానే వినిపిస్తుంది.

వర్ణాల (మొదటి పాఠాలకూ కీర్తనలకూ మధ్య నేర్పే అభ్యాస రచనల) దగ్గర తొందరపడవద్దు. ఆది తాళ వర్ణాలు పది, అట తాళ వర్ణాలు నాలుగు, రెండు కాలాల్లోనూ తడుముకోకుండా వచ్చేవరకు కీర్తనలు ఎక్కువ నేర్చుకోకపోయినా నష్టం లేదు. భైరవి అట తాళ వర్ణం ఒక్కటి సరిగా వాయించగలిగితే ఆ రాగంలో ఎవరు ఏ మూలకు తీసుకెళ్ళినా దారి కనిపిస్తుంది.

ఇక సాహిత్యం సంగతి. తెలుగు పిల్లలకు పుట్టుకతో వచ్చిన ఒక సౌకర్యం ఉంది, దాన్ని వాడుకునేవారు తక్కువ. త్యాగరాజు రాసింది ప్రధానంగా మన భాషలో. అన్నమయ్యదీ, క్షేత్రయ్యదీ మన భాషే. తమిళనాట పిల్లలు అర్థం అడిగి తెలుసుకుని, పదం ఎక్కడ విరుగుతుందో పక్కన గుర్తు పెట్టుకుని నేర్చుకుంటారు. మనవాళ్ళు స్వరం మాత్రమే చూసి వాయిస్తారు, కమాను మాట నడుమ తిరుగుతుంది, వినేవారికి మాట రెండు ముక్కలై వినబడుతుంది. కీర్తన నేర్చుకునేటప్పుడు సాహిత్యాన్ని కంఠస్థం చేసి, మాట మొదలైన చోట కమాను దిశ మారేలా, మాట లోపల మారకుండా గుర్తులు పెట్టుకోవాలి. నెరవులు వాయించేటప్పుడు ఈ అలవాటు విలువ తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ గాయకుడు ఒకే పంక్తిని ఇరవై రకాలుగా పాడినా మాటల అమరిక చెదరదు.

వెంట నడవడం

పక్కవాద్యానికి అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది, ఏ పాఠ్యప్రణాళికలోనూ దీనికి తగినంత చోటు దొరకదు. గాయకుడు ఆలాపన (తాళం లేకుండా రాగాన్ని విస్తరించి పాడటం) మొదలుపెట్టినప్పుడు వయొలిన్ ఒక సంచారం వెనక నీడలా సాగాలి; ఆయన ఆగిన చోట చివరి స్వరాన్ని పట్టుకుని నిలబెట్టాలి; ఆయన ముగించాక తనవంతు ఆలాపనలో ఆయన తీసుకున్న వ్యవధికంటే తక్కువలో, ఆయన చూపిన రాగస్వరూపాన్ని చెడగొట్టకుండా చెప్పి ముగించాలి. కల్పనస్వరాల్లో (అప్పటికప్పుడు అల్లే స్వరాల్లో) ఆయన రెండావర్తాలు, అంటే తాళపు రెండు చుట్లు, పాడితే రెండావర్తాలే, అరావర్తం పాడితే అరావర్తమే. తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) నడిచేటప్పుడు వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని చేత్తో తాళం వేయాలి, ఫోను చూసుకోకూడదు (ఈ మాట రాయవలసి వస్తుందని ఇరవై ఏళ్ళ క్రితం అనుకోలేదు).

దీన్ని ఇంట్లో ఇలా సాధన చేయవచ్చు. ఏదైనా పాత కచేరీ రికార్డింగులోని ఆలాపన తీసుకుని పది సెకన్లు విని ఆపి, విన్నది అలాగే వాయించండి. రాకపోతే పాడి, మళ్ళీ వాయించండి. రెండు మూడు నెలల తర్వాత ఆపకుండా, అర సెకను వెనకగా రికార్డింగుతోపాటు వాయించడం మొదలుపెట్టండి. మొదట్లో చేతికందినవి సగం స్వరాలే అయినా ఫరవాలేదు. ఆ తర్వాత అసలైన మెట్టు: మీకు బాగా రాని రాగంలో చేయండి. కచేరీలో గాయకుడు మీకు వచ్చిన రాగాలే పాడతాడన్న హామీ ఎవరూ ఇవ్వరు. ఏదైనా అపురూప రాగం వచ్చి దారి తోచకపోతే తక్కువ స్వరాలతో, ఆయన నిలిచిన స్వరాల మీదే నిలుస్తూ గౌరవంగా బయటపడటం కూడా ఒక విద్య; ఏదో ఒకటి వాయించి రాగాన్ని కలుషితం చేయడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

లయ విషయంలో మన ప్రాంతపు పిల్లలు వెనకబడటానికి కారణం లేదు. పుంగనూరులో పుట్టి మన ఒకప్పటి ఉమ్మడి జిల్లా పేరును తన పేరుకు ముందు మోసిన గాయకులు చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళెగారు, లయకు పేరుపడ్డ కాంచీపురం నాయనా పిళ్ళె శిష్యులు, 1954లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. అలాంటి గాయకుల పక్కన కూర్చున్న వయొలిన్ విద్వాంసుడికి లెక్క తప్పితే తప్పించుకునే చోటు ఉండేది కాదు. కాబట్టి వయొలిన్ నేర్చుకునే ప్రతి విద్యార్థీ కనీసం ఆరు నెలలు మృదంగం గురువు దగ్గర కూర్చుని జతులు (మృదంగం పలికే అక్షరాలు) నోటితో చెప్పడం నేర్చుకోవాలి. వాయించడం రానక్కరలేదు. ఖండ (అయిదేసి లెక్క) నడక, మిశ్ర (ఏడేసి లెక్క) నడక, ముగింపులో మూడుసార్లు వచ్చే మోరా ఎక్కడ ఎత్తుకుంటే సమానికి (తాళం మొదటి దెబ్బకు) వస్తుంది అన్న లెక్క నోట్లో పడితే చాలు.

సభలో వాయించే కచేరీ ఒక పరీక్ష అయితే, హరికథ అంతకంటే పెద్ద పరీక్ష. రాయలసీమ ఊళ్ళలో శ్రీరామనవమికీ, గంగజాతరకూ, దేవాలయ ఉత్సవాలకూ ఇప్పటికీ హరికథలు జరుగుతూనే ఉన్నాయి, హరిదాసుగారి పక్కన వయొలిన్, మృదంగం ఉండితీరాలి. కీర్తనకు తాళం ఉంది, ముందే తెలిసిన వరస ఉంది. పద్యానికి ఆ రెండూ లేవు. దాసుగారు మోహనలో మొదటి పాదం ఎత్తుకుని, రెండో పాదంలో ఎక్కడో నిలిచి, నాలుగో పాదం చివర పై షడ్జాన్ని అందుకుని, వచనంలోకి దిగి, మళ్ళీ వెంటనే కేదారగౌళలో ఇంకో పద్యం ఎత్తుకుంటారు. నా ఇరవై రెండో ఏట చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో మొదటిసారి హరికథకు కూర్చున్నాను. దాసుగారు రాగం మార్చిన సంగతి నాకు తెలిసేసరికి పద్యం సగం అయిపోయింది, ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడ నా వైపు తిరిగి చూసింది. రెండేళ్ళు సభల్లో నేర్చుకోలేనిది ఆ ఒక్క సీజన్లో నేర్చుకున్నాను. సంభావన పెద్దగా ఉండదు, రాత్రి పొద్దుపోతుంది, మైకు గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది. అయినా ఇరవై ఏళ్ళ వయసులో రెండు ఉత్సవ సీజన్లు హరికథలకు వాయించమని నా దగ్గరకు వచ్చే ప్రతివారికీ చెబుతాను.

శ్రుతి గురించి, అంటే గాయకుడు షడ్జంగా పెట్టుకునే స్థాయి గురించి, ఒక్క ఆచరణాత్మకమైన మాట; దాన్ని ఒకటి, రెండు అని అంకెల్లో చెబుతారు. పురుష గాయకులు ఎక్కువమంది ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్యలోనూ, స్త్రీలు నాలుగున్నర నుంచి ఆరు మధ్యలోనూ పాడతారు. ఒకే వయొలిన్ తీగల్ని ఈ రెండు కొసల మధ్య రోజూ బిగించి, వదులు చేస్తూ పోతే ఒక చోట తీగ తెగుతుంది, ఇంకో చోట నాదం నీరసిస్తుంది. వృత్తిలోకి వచ్చిన రెండు మూడేళ్ళకు రెండో వయొలిన్ సమకూర్చుకుని, తక్కువ శ్రుతికి మందమైన తీగలూ, ఎక్కువ శ్రుతికి సన్నని తీగలూ వేసి వేరువేరుగా ఉంచుకోవాలి. రెండోది ఖరీదైనది కానక్కరలేదు.

చదువు, కాగితాలు

తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల 1959 నుంచి మన ఊళ్ళోనే ఉంది. గాత్రం, వీణ, వయొలిన్, వేణువు, మృదంగం, నాట్యం, హరికథ ఒకే ఆవరణలో దొరకడం ఎంత సౌకర్యమో ఇక్కడివాళ్ళకు తెలియదు, బయటి జిల్లాలనుంచి గది అద్దెకు తీసుకుని చదివేవాళ్ళకు తెలుసు. మృదంగం పిల్లలూ గాత్రం పిల్లలూ అక్కడే ఉంటారు కాబట్టి సాయంత్రాలు ముగ్గురు కలిసి కూర్చుని సాధన చేసుకోవడం ఆ కళాశాలలో చేరడంవల్ల కలిగే పెద్ద లాభం. రాష్ట్ర ప్రభుత్వ సంగీత పరీక్షల్లో సర్టిఫికెట్ నాలుగేళ్ళు, డిప్లొమా ఆపై రెండేళ్ళు. విశ్వవిద్యాలయ స్థాయిలో చదవదలచిన అమ్మాయిలకు 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది.

కాగితం చేతికి నైపుణ్యాన్ని ఇవ్వదన్న మాట నిజమే, కానీ కాగితం లేకపోతే ఉద్యోగం తలుపు దగ్గరే ఆపేస్తుంది. కళాశాల అధ్యాపకత్వానికి సంగీతంలో స్నాతకోత్తర పట్టా, ఆపై నెట్ (అధ్యాపకుల జాతీయ అర్హత పరీక్ష) వంటి అర్హత కావాలి. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక తరగతుల సంగీత ఉపాధ్యాయ పదవులకు ఇంటర్మీడియట్‌తోపాటు సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ అడుగుతారు. డిప్లొమా చేసినవారు అది ఏ పదవికి డిగ్రీతో సమానంగా లెక్కకు వస్తుందో ప్రతి ప్రకటనలోనూ చదివి చూసుకోవాలి. అందుకే సంగీత కళాశాలలో చేరే పిల్లలకు పక్కనే దూరవిద్య ద్వారానైనా ఒక మామూలు డిగ్రీ పూర్తిచేసుకోమని చెబుతాను. దీన్ని సంగీతం మీద అపనమ్మకంగా తీసుకోవద్దు.

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ పథకాలు రెండు తెలిసి ఉండాలి. పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు సీసీఆర్టీ (ఆ శాఖ కింద పనిచేసే సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం) ద్వారా ప్రతిభాన్వేషణ ఉపకారవేతనం ఉంది. పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ళ యువ కళాకారులకు రెండేళ్ళపాటు నెలకు 5,000 రూపాయల ఉపకారవేతనం ఉంది. నలభై ఏళ్ళలోపువారికి సంగీత నాటక అకాడమీ ఇచ్చే ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారం 2006లో మొదలైంది, అది దరఖాస్తు చేసుకుని తెచ్చుకునే సహాయం కాదు, గుర్తింపు. దరఖాస్తు ఫారాల కంటే ముందు మీ గురువుగారి ధ్రువీకరణ, ఇచ్చిన కచేరీల ఆహ్వానపత్రాలు, పత్రికల్లో వచ్చిన ముక్కలు ఒక ఫైలులో పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ఆకాశవాణి ఆడిషన్ పెట్టి కళాకారులకు ఇచ్చే శ్రేణి ఇంకా విలువైనదే. బి, బి-హై, ఎ, టాప్ అని నాలుగు మెట్లు. ఆడిషన్‌లో వాయించవలసిన రాగాలు, కృతుల జాబితా ముందుగా ఇవ్వాలి, అందులోంచి వాళ్ళు అడిగింది వాయించాలి. కాబట్టి జాబితా పొడుగు చూపించడానికి సగం తెలిసిన రాగాలు రాయకండి. రేడియోలో స్థిరమైన కొలువు చేసి, అందులోనే విద్యను కాపాడుకున్న తరం ఒకటి ఉండేది. 1926లో పుట్టి, విజయవాడ ఆకాశవాణిలో ఏళ్ళ తరబడి వాయించి, 2021లో పద్మశ్రీ అందుకున్న అన్నవరపు రామస్వామిగారు ఆ తరంవారు. ఇప్పుడు అలాంటి కొలువులు తగ్గిపోయాయి, అప్పుడప్పుడు పిలిచే కార్యక్రమాలే మిగిలాయి. అయినా సభ నిర్వాహకులు మీ శ్రేణి ఏమిటని అడుగుతారు, దాన్నిబట్టి సంభావన మాట్లాడతారు. ఇరవై అయిదేళ్ళలోపు బి శ్రేణి తెచ్చుకోవడం న్యాయమైన లక్ష్యం.

ఊళ్ళో దొరికే పని

తిరుపతికి ఉన్న ప్రత్యేకత ఇది: సంగీతం ఇక్కడ ఏడాది పొడుగునా జరుగుతుంది. డిసెంబరులో మాత్రమే మేల్కొనే ఊళ్ళున్నాయి; ఇక్కడ తిరుమలలో నాదనీరాజనం వేదిక, సాయంత్రం సహస్రదీపాలంకార సేవ, తిరుపతిలో మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం, బ్రహ్మోత్సవాలు, అన్నమయ్య జయంతి, వర్ధంతి, 2008లో మొదలైన శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ కార్యక్రమాలు ఉన్నాయి. వీటిలో పాడేందుకు బయటి ఊళ్ళనుంచి వచ్చే గాయకులు తమ వెంట వయొలిన్‌ను ప్రతిసారీ తెచ్చుకోరు. ముందురోజు రాత్రి ఫోను చేసి రమ్మంటే, రిహార్సల్ లేకుండా కూర్చోగలిగిన మనిషి కావాలి. ఆ మనిషిగా పేరు తెచ్చుకోవడమే ఈ ఊళ్ళో మొదటి అయిదేళ్ళ పని.

ఈ పిలుపుల్లో ఎక్కువ భాగం అన్నమయ్య సంకీర్తనలకు వస్తుంది, ఇక్కడ కొత్తవాళ్ళు తప్పకుండా తడబడే విషయం ఒకటుంది. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు తిరుమల ఆలయంలోని రాగిరేకుల మీద దొరికాయి. ఆ రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరలిపి లేదు. కాబట్టి మనం వింటున్న వరసలన్నీ ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) మొదలుకొని, 1978లో ఏర్పడిన అన్నమాచార్య ప్రాజెక్టులో పనిచేసిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారి వరకు ఎందరో కట్టినవి. ఒకే సంకీర్తన రెండు మూడు వరసల్లో, ఒక్కోసారి రేకు మీద ఉన్నది కాక వేరే రాగంలో ప్రచారంలో ఉంటుంది. గాయకుడు పాట పేరు చెప్పగానే "తెలుసండీ" అని తలాడించకండి, "ఎవరి వరసండీ, ఏ రాగంలో పాడతారు?" అని అడగండి. వేదిక మీద మొదటి పంక్తికే రెండు రాగాలు వినిపించే ప్రమాదం ఆ ఒక్క ప్రశ్నతో తప్పుతుంది. నూరు సంకీర్తనలు, వాటికి ప్రచారంలో ఉన్న ముఖ్యమైన వరసలతో సహా, సాహిత్యంతో వచ్చిన వయొలిన్ విద్యార్థికి ఈ ఊళ్ళో ఖాళీ సాయంత్రాలు తక్కువ.

నాట్యం రెండో ఆధారం. కూచిపూడి, భరతనాట్యం అరంగేట్రాలకు నట్టువాంగం (తాళాలు వాయిస్తూ జతులు చెప్పడం), గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు కావాలి. ఒక్కో అరంగేట్రానికి నాలుగైదు రిహార్సల్స్ ఉంటాయి కాబట్టి ఒప్పుకునేటప్పుడే రిహార్సల్స్‌కు కూడా కలిపి మాట్లాడుకోవాలి. ఇక్కడ మీ ప్రతిభ చూపించుకునే అవకాశం తక్కువ. నాట్యం చేసే అమ్మాయి కాలు ఆగిన చోట మీరూ ఆగాలి.

పాఠం మూడోది, ఆదాయంలో సగానికి పైగా చాలామందికి ఇదే. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలకు ఇంటర్నెట్ ద్వారా పాఠం చెప్పేవారు ఇప్పుడు తిరుపతిలో వీధికొకరు. ఇక్కడ పొద్దున అయిదున్నర అయితే అమెరికా తూర్పు తీరంలో వేసవిలో ముందురోజు రాత్రి ఎనిమిది, చలికాలంలో ఏడు. నవంబరులోనూ మార్చిలోనూ వాళ్ళ గడియారం మారినప్పుడల్లా మీ పాఠాల పట్టిక తారుమారవుతుందని ముందే తెలుసుకోండి. ఇద్దరూ ఒకేసారి వాయిస్తే శబ్దం ఆలస్యంగా చేరి కలవదు, కనుక మీరు వాయించి ఆపాలి, వాళ్ళు తిరిగి వాయించాలి. ప్రతి పాఠం తర్వాత రెండు నిమిషాల రికార్డింగు పంపితే వారమంతా వాళ్ళకు అదే గురువు. ఒక హెచ్చరిక: పొద్దున నాలుగు గంటలు పాఠం చెప్పినవాడికి సొంత సాధనకు చెయ్యి లేవదు. వారానికి ఇన్ని పాఠాలే అని హద్దు గీసుకోనివారు పదేళ్ళలో మంచి ఉపాధ్యాయులుగా మిగులుతారు, కచేరీకి పనికిరారు. అది చెడ్డ జీవితం కాదు, కానీ తెలియకుండా జరిగిపోకూడదు.

వీణ విద్యార్థులకు లెక్క కొంచెం వేరు. గాత్రానికి పక్కన వీణ కూర్చునే సంప్రదాయం ఇప్పుడు దాదాపు లేదు, కాబట్టి పక్కవాద్యం అనే ఆధారం వాళ్ళకు ఉండదు; పాఠం, రేడియో, సోలో, వాద్యబృందాలు మాత్రమే. ఈమని శంకరశాస్త్రిగారు (1922–1987) సినిమా స్టూడియోలోనూ తర్వాత ఆకాశవాణిలోనూ కొలువు చేశారు, ఆయన శిష్యులు చిట్టిబాబుగారు (1936–1996) కూడా మద్రాసు సినిమా రికార్డింగుల్లో వాయించినవారే. వీణ తీసుకునే అమ్మాయిలు గాత్రాన్ని సమానంగా సాధన చేస్తే పాఠాలు రెండింతలవుతాయి.

చెన్నై మనకు రైలులో ఒక పూట ప్రయాణం. డిసెంబరు సీజన్లో మధ్యాహ్నపు కచేరీల్లో కొత్తవాళ్ళకు పక్కవాద్యం అవకాశాలు వస్తాయి, సంభావన పేరుకే ఉంటుంది. అక్కడ మూడు నాలుగేళ్ళు తిరగాలి అనుకునేవారు తమ వయసు గాయకుల్లో ఇద్దరు ముగ్గురితో స్నేహం కుదుర్చుకోవాలి. పెద్ద గాయకులకు తమ వయొలిన్ విద్వాంసులు ఎప్పుడో స్థిరపడి ఉంటారు, మీతోపాటు ఎదిగే గాయకుడే రేపు మిమ్మల్ని పిలుస్తాడు.

పాశ్చాత్య శాస్త్రీయ వయొలిన్ వైపు వెళ్ళాలనుకునే పిల్లలు ఈ మధ్య కనిపిస్తున్నారు. అది వేరే చెయ్యి, వేరే కూర్చోవడం, అసలు నిలబడి వాయించడం. స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చూసి వెంటనే వాయించడం దానికి ప్రాణం; ట్రినిటీ కాలేజ్ లండన్ వంటి సంస్థల ఎనిమిది గ్రేడ్లు పునాది మాత్రమే. చెన్నైలో 2008లో మొదలైన కే.ఎం. మ్యూజిక్ కన్జర్వేటరీ దగ్గరి గమ్యం. దేశంలో వృత్తి వాద్యబృందం అంటే ముంబయిలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. విదేశీ ఆర్కెస్ట్రాల్లో వాద్యకారుడు తెర వెనక కూర్చుని, ముందే ప్రకటించిన సింఫనీ భాగాలను వాయిస్తే ముఖం చూడకుండా ఎంపిక చేసే పద్ధతి ఉంది, మన సభలకు అది వస్తే బాగుండునని నాకొక చిన్న కోరిక. రెండు పద్ధతులనూ పదిహేనేళ్ళలోపు కలిపి నేర్పవద్దు. మన బాణీ స్థిరపడ్డాక నొటేషన్ చదవడం నేర్చుకుంటే సినిమా రికార్డింగులకు పనికొస్తుంది.

శరీరం, వాద్యం

బాసిపట్టు వేసుకుని, వయొలిన్ తలను కుడి చీలమండ మీద ఆనించి గంటల తరబడి కూర్చునే భంగిమ నడుముకూ ఎడమ భుజానికీ బరువే. అరగంటకొకసారి లేచి నడవాలి. మణికట్టులో నొప్పి రెండు రోజులు నిలిచిందంటే సాధన ఆపి వైద్యుడికి చూపించాలి, నొప్పి మీద సాధన చేయడం నిష్ఠ అని ఎవరైనా చెబితే వినవద్దు. జారులకు వేలు సాఫీగా కదలడానికి కొందరు చుక్క కొబ్బరినూనె రాసుకుంటారు. రాసుకున్న చేత్తో కమాను వెంట్రుకలు తాకితే ఆ వెంట్రుకలు ఇక పలకవు.

తిరుపతి వేసవి వాద్యానికి శత్రువు. మే నెల ఎండలో నిలిపిన కారులో వయొలిన్ పెట్టె వదిలేస్తే జిగురు విడిపోతుంది, బిరడలు (తీగలు బిగించే చీలలు) సడలుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానల తేమకు అవే బిరడలు ఉబ్బి కదలనంటాయి; కొద్దిగా సుద్దపొడి, సబ్బు ముక్క దగ్గర ఉంచుకుంటే రెంటికీ మందు దొరికినట్టే. వాయించడం అయ్యాక కమానును సడలించాలి, తీగల మీద పడ్డ రోజిన్ పొడిని మెత్తటి గుడ్డతో తుడవాలి. కమాను వెంట్రుకలు ఏడాదికొకసారి, ఎక్కువ వాయించేవారు ఆరు నెలలకొకసారి మార్పించుకోవాలి. వయొలిన్ పొట్ట అతుకు విడిచినా, లోపల నిలిపిన చిన్న కర్ర (సౌండ్ పోస్టు) పడిపోయినా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా చెన్నైలోని పనివాళ్ళ దగ్గరకు తీసుకెళ్ళడమే దారి.

డబ్బు మాట

సంభావన గురించి ముందు మాట్లాడటం అమర్యాద అనే భావం మనలో లోతుగా ఉంది, దానివల్ల నష్టపోయేది ఎప్పుడూ పక్కవాద్యమే. గాయకుడికి ఇంత అని నిర్వాహకులు ముట్టజెప్పిన కవరు మీదే పక్కవాద్యాల వాటా ఆధారపడే కార్యక్రమాలు ఎన్నో ఉన్నాయి. ఒకసారి వేరే జిల్లాలో కచేరీకి వెళ్ళి, తిరుగు బస్సు చార్జీకి సరిపోయే కవరుతో తెల్లవారుజామున ఇంటికి వచ్చాను. తప్పు నాదే, ఏమీ అడగలేదు. అప్పటినుంచి తేదీ, స్థలం, ప్రయాణఖర్చు ఎవరిది, బస ఉందా, సంభావన ఎంత అన్న అయిదు సంగతులు మర్యాదగా ఒక సందేశంలో రాసి పంపి, జవాబు వచ్చాకే ఒప్పుకుంటున్నాను. దేవాలయ సేవగా ఉచితంగా వాయించదలచుకున్నది ఏదో మీ అంతట మీరే నిర్ణయించుకుని చేయండి, అది ఇంకొకరు మీమీద పెట్టే షరతుగా మారకూడదు. సంస్థలు చెల్లింపులు బ్యాంకు ద్వారానే చేస్తాయి కాబట్టి పాన్ కార్డు, ఖాతా వివరాలు సిద్ధంగా ఉంచుకోండి. కార్తీకం, ధనుర్మాసంలో వచ్చిన డబ్బును ఆషాఢానికి మిగుల్చుకోవాలి. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, పిలుపులూ పలచబడతాయి.

వీటన్నిటితోపాటు ఒక మామూలు నోటుపుస్తకం పెట్టుకోండి. ప్రతి కచేరీకి ఒక పేజీ: గాయకుడి పేరు, శ్రుతి, పాడిన కీర్తనలు, రాగాలు, అన్నమయ్య సంకీర్తన అయితే ఎవరి వరస, ప్రధాన రాగంలో ఎక్కువగా ఎక్కడ నిలిచారు, స్వరాలు ఏ స్థానంనుంచి ఎత్తుకున్నారు, మీకు రానిది ఏమిటి. మళ్ళీ అదే గాయకుడు ఏడాది తర్వాత ముందురోజు రాత్రి ఫోను చేసినప్పుడు ఆ పేజీ తీసి, రెండో వయొలిన్ కావాలో మొదటిది కావాలో చూసుకుని, రానిదాన్ని తెల్లవారేలోపు ఒకసారి వాయించుకుని బయల్దేరవచ్చు.